దక్షిణపు గోడ పక్క నల్ల పలక

ఆ మధ్యాహ్నం డోర్కస్ చేపలకు ఉప్పు పట్టిస్తోంది. నవంబరు నెల. సముద్రం మీంచి లేచిన పొగమంచు పోల్‌మార్త్ ఊరి సందుల్లోకి మెల్లగా ఎక్కుతోంది. వంటింటి నిండా చేపనూనె దీపం వాసన, తడిసిన ఉన్ని వాసన.

పెద్దకూతురు టామ్‌సిన్‌ని మట్టిలో పెట్టి ఆరు వారాలు. పందొమ్మిదేళ్ల పిల్ల. జ్వరం తొమ్మిది రోజుల్లో తీసుకుపోయింది.

సమాధి రాళ్లు చెక్కే హానిబాల్ గుమ్మంలో నిలబడి టోపీ తీశాడు.

"చెల్లెమ్మా, పలక సిద్ధం. పేరు చెక్కేశాను. కింద పద్యం ఏదో చెప్తే మొదలెడతా. ఒట్టి పేరుతో వదిలేస్తే నీ కూతురు లేచొచ్చి నన్ను తిడుతుంది. పంతులమ్మలా నా రాళ్లకి తప్పులు పట్టిన పిల్ల."

డోర్కస్ నవ్వబోయింది. నవ్వు రాలేదు.

"రేపు పంపిస్తాలే, అన్నా."

ఆ చుట్టుపక్కల ఆడపిల్లలు నచ్చిన పద్యాలు ఒకరి పుస్తకంలోంచి ఒకరు చేత్తో ఎక్కించుకునేవాళ్లు. టామ్‌సిన్‌కి మాత్రం సమాధుల మీది పద్యాల పిచ్చి. ఆదివారం వస్తే ఏదో ఒక ఊరి చర్చికి నడిచి వెళ్లేది. రాతి మీది నాచు గోకి, మోకాళ్ల మీద కూచుని రాసుకొచ్చేది. ప్రతి పద్యం కింద ఏ చర్చి, ఏ గోడ పక్క, ఎలాంటి రాయి అని గుర్తు రాసుకునేది. "సొంతంగా ఒకటి కట్టవే" అని స్నేహితురాళ్లు ఏడిపిస్తే మూతి తిప్పేది. "రాయి మీద లేనిది నా పుస్తకంలో ఉండదు" అనేది.

డోర్కస్‌కి చదువు రాదు. చిన్నది జెనిఫర్, పదకొండేళ్లది, దీపం దగ్గర కూచుని అక్క పుస్తకం చదివి వినిపించింది. ఏదీ తల్లి మనసుకు పట్టలేదు. చివరికి, పుస్తకంలో ఆఖరి పద్యం వచ్చింది.

"అమ్మా, గుమ్మంలో దీపం తగ్గించు,
దారి నాకు తెలిసిపోయింది.
మట్టి చల్లనిదే, అయినా భయం లేదు,
ఒంటరిగా పడుకోలేదు నేను..."

డోర్కస్ ఉప్పు చేతులతోనే కళ్లు తుడుచుకుంది. కళ్లు మండిపోయాయి.

"ఇదే. ఇది రాసిచ్చెయ్."

"ఇంకా ఉందమ్మా. పేజీ తిప్పితే..."

"చాలన్నానా! మొత్తం ఎక్కించి ఆయనకిచ్చిరా."

"కింద గుర్తు కూడా ఉంది. మన చర్చేనంట. దక్షిణపు గోడ పక్క, నల్ల పలక అంట."

డోర్కస్ చెయ్యి ఆగింది. అక్కడ ఇప్పుడు టామ్‌సిన్ పడుకునుంది. అంతకుముందు అక్కడ ఉన్నది ఒట్టి గడ్డి. ఏ రాయీ లేదు.

పోనీలే, బిడ్డకి ముందే తెలిసిందేమో, తనకోసం తనే రాసుకుందేమో అనుకుంది. ఆ తలపుకే గుండె చెరువైంది. అంతకు మించి ఆలోచించలేదు.

మూడోరోజు ఉలి చప్పుడు మొదలైంది. హానిబాల్ పాక అదే సందు చివర. ఠక్... ఠక్... పొగమంచులో ఆ చప్పుడు గోడ పక్కనే ఉన్నట్టు వినిపిస్తోంది.

జెనిఫర్‌కి పొద్దున్నించీ ఒళ్లు కాలుతోంది.

డోర్కస్ తడిగుడ్డ పిండి నుదుటి మీద వేసింది. ఠక్. పిల్ల ఉలిక్కిపడింది. ఠక్. మళ్లీ. కళ్లు మూసే ఉన్నాయి, నిద్రలోనే ఉంది. ఉలి ఆగితే ఒళ్లు వదులవుతోంది. ఉలి పడితే బిగుసుకుంటోంది.

పిల్ల పెదాలు కదిలాయి. డోర్కస్ చెవి ఆనించింది.

"అక్క... జరుగుతోందమ్మా."

"ఎక్కడికే?"

"నాకు చోటివ్వడానికి."

డోర్కస్ పరిగెత్తింది. మంచులో దారి కనబడలేదు. చప్పుడు పట్టుకునే వెళ్లింది.

పాకలో హానిబాల్ రాతిపొడి ఊదుతూ తలెత్తాడు. "సమయానికొచ్చావు చెల్లెమ్మా. పద్యం అయిపోవచ్చింది. పైన రెండో పేరుకి చోటు వదిలాను. ఎవరి పేరది?"

"రెండో పేరేంటి?"

"పద్యంలో ఇద్దరున్నారుగా!" వేలు పెట్టి చివరి వరుసలు చదివాడు.

"పక్కనే చెల్లి, చేతిలో చెయ్యి;
పలక ఒకటే మా ఇద్దరికీ."

డోర్కస్ సుత్తి అందుకుంది.

"పిచ్చెక్కిందా నీకు? అది నీ కూతురి పేరు!"

ఆమెకి ఆ అక్షరాలు చదవడం రాదు. ఆ వరుస ఎవరి పేరో మాత్రం తెలుసు. సరిగ్గా దాని మీదే కొట్టింది. పలక నిలువునా చీలింది. ఆగలేదు. ముక్కలు చేసింది. ప్రతి దెబ్బకీ "క్షమించు తల్లీ" అంది. హానిబాల్ అడ్డం రాలేదు.

ఇంటికొచ్చేసరికి జెనిఫర్ మంచం మీద లేచి కూచుని ఉంది. చెమట పట్టి జుట్టంతా తడిసిపోయింది. ఆకలంది.

ఆ సాయంత్రమే డోర్కస్ ఆ పుస్తకాన్ని పొయ్యిలో పెట్టింది. బిడ్డ చేతిరాత అంటూ లోకంలో ఉన్నది అదొక్కటే. తోలు అట్ట చాలాసేపు కాలలేదు. కాలినంతసేపూ చూసింది.

ఇంకో రాయి వెయ్యలేదు. "పెద్దదాన్ని కుక్కని పాతినట్టు పాతేసింది" అని ఊరంతా అంది.

ఏడాదిన్నర గడిచింది. మే నెల, ఆదివారం ప్రార్థన అయింది. జెనిఫర్ గేటు బయట పిల్లలతో గొడవపడుతోంది. డోర్కస్ చర్చి మెట్లు దిగుతుంటే పొరుగూరి అమ్మాయి ఒకతె ఎదురొచ్చింది. చేతిలో పుస్తకం, వేళ్లకి సిరా.

"అత్తా, దక్షిణపు గోడ పక్కన నల్ల పలక ఎవరిది? ఎంత మంచి పద్యమో! మా వాళ్ల పుస్తకాల్లో ఎక్కడా లేదు. ఇప్పుడే ఎక్కించుకున్నా."

డోర్కస్ అటు చూసింది. ఎండలో గడ్డి. గడ్డి తప్ప ఏమీ లేదు.

"చదువు" అంది.

ఆ అమ్మాయి చదివింది. అదే పద్యం. పైన టామ్‌సిన్ పేరు. దాని కింద జెనిఫర్ పేరు.

డోర్కస్ మెట్టు మీద కూలబడింది. "చిన్నదానిది... తేదీ ఏం రాసుంది?"

"అదే రాసుకోలేకపోయానత్తా. పెద్దామె తేదీ దొరికింది. రెండోదాని మీద, అక్కడ మోకాళ్ల మీద కూచున్న ఓ అక్క, పందొమ్మిదేళ్లుంటాయేమో, అరచెయ్యి పెట్టేసింది. తియ్యక్కా, చూసి రాసుకుంటానంటే అడ్డంగా తలూపింది. అస్సలు తియ్యలేదు."

అమ్మాయి పుస్తకం మూసింది. ముఖంలో జాలి.

"ఎప్పట్నించి అలా అదిమి పట్టుకునుందో పాపం... చెయ్యి వణికిపోతోంది."