కపాలంతో కొలిచిన బియ్యం

ఆషాఢ బహుళ అమావాస్య...!

సూర్యాస్తమయానికి ఇంకా గంటకు పైగానే ఉంది. అయినా ఆకాశం కాటుక కుండ బోర్లించినట్లు నల్లబడిపోయింది. మాచర్ల దాటిన రోడ్డు మీద ఒకే ఒక్క మోటారు సైకిలు దీపం వానతెరల్ని చీల్చుకుంటూ కొండల వైపు పోతోంది. ఒక పక్క నల్లమల కొండల నీలినీడ... మరో పక్క ఎర్రనీళ్ళతో పొంగి ఘోషిస్తున్న చంద్రవంక వాగు... నడుమ ఒంటరిగా కోటిబాబు!

నరసరావుపేటలో పాతికేళ్ళుగా మిరపకాయల వ్యాపారం అతడిది. బస్తాలో చెయ్యి పెట్టి కాయను నలిపితే, ఎంత తడి ఉందో, ఏ నేలలో పండిందో చెప్పేవాడు. ఎదుటి మనిషి గొంతు విని అతడి అవసరం ఎంతో తూచేవాడు. అలాంటివాడు తన జీవితంలో ఒక్క మనిషిని మాత్రం తూచలేకపోయాడు. తన భార్యను!

వానాకాలంలో ఎత్తిపోతల జలపాతం చూడాలని పద్మజ ఇరవై ఏళ్ళు అడిగింది. "కోల్డ్ స్టోరేజీలో సరుకు కదలనీయ్, బండి మీదే పోదాం" అని ఇరవై ఏళ్ళూ అన్నాడు. సరుకు ఏటేటా కదిలింది. వాళ్ళిద్దరూ మాత్రం గడప దాటలేదు. మొన్న శివరాత్రికి ముందు పద్మజకు జ్వరం వచ్చింది. జ్వరం ఊపిరితిత్తులకు ఎక్కింది. గుంటూరు ఆసుపత్రిలో గొంతులో గొట్టం వేశారు. చివరి రోజున ఆమె కళ్ళు తెరిచి అతడి వైపు చూసి, గొట్టం పక్కనుంచే ఏదో అనబోయింది. పెదవులు గుండ్రంగా విచ్చుకున్నాయి... ఒకసారి కలిశాయి... మళ్ళీ విడిపోయాయి. మూడుసార్లు అలాగే! శబ్దం లేదు. కోటిబాబుకు అర్థం కాలేదు. ఆ సాయంత్రమే ఆమె పోయింది.

ఆ ఒక్క మాట ఏమిటి? అయిదు నెలలుగా అతడి నిద్రను తొలుస్తున్న పురుగు అదే. ఆ మాట కోసమే ఈ ప్రయాణం. బండి ముందు, టాంకు మీద, ప్లాస్టిక్ పట్టాలో చుట్టిన పది కిలోల బియ్యం మూట. వెనక సీటు మీద వాన తప్ప ఎవరూ లేరు.

మాచర్ల చివర మహమూద్ టీ బంకు దగ్గర అతడు ఆగినప్పుడు జరిగిన ముచ్చట ఇది.

"ఏందన్నా, ఈ వానలో ఒక్కడివే బండేసుకొని యాడికి?"

"ఎత్తిపోతల."

"ఒక్కడివే చూసేదేముందన్నా ఆడ? నన్ను మా ఆవిడ మూడుసార్లు లాక్కపోయింది. ఈ నీళ్ళతో ఊరందరికీ టీ కాయొచ్చు గదే అన్నానని, ఇంటిదాకా తిట్టుకుంటా వచ్చింది." మహమూద్ పకపకా నవ్వాడు. కోటిబాబు నవ్వలేదు. మహమూద్ చూపు మూట మీద పడింది. "ఏందది? బియ్యమా...?"

"ఊఁ."

నవ్వు చప్పున ఆరిపోయింది. "చచ్చినోళ్ళను పలికించే ఆ కపాలయ్య కాడికా?"

కోటిబాబు మూట మీది పట్టా సర్దుకున్నాడు.

"అన్నా, ఆడికి పోయినోళ్ళు తిరిగి రాలేదని నేను చెప్పను. అందరూ వచ్చారు. ఇదే బల్ల మీద కూసొని టీ తాగారు. కానీ ఆ తర్వాత, వాళ్ళ ఇంట్లో చచ్చిపోయినోళ్ళు కల్లోకి గూడా రావడం మానేశారంట! ఆడు ఏ ఊరి పొలిమేరలోనూ గుడిసె ఎయ్యడు. ఎందుకో తెలుసా? పొలిమేరంటే పోలేరమ్మది. ఆ తల్లంటే ఆడికి హడలు."

"నాకు కల్లోకి రావడంలేదులే ఇప్పుడూ," అన్నాడు కోటిబాబు గ్లాసు దించుతూ. "పోయేదేముంది?"

పోయేదేమీ లేదనుకున్నవాడే నిలువునా మునుగుతాడు. బేరంలో ఇది అతడికి తెలిసిన సంగతే. దుఃఖంలో మరిచిపోయాడు.

*

ఎత్తిపోతల హోరు దూరాన వినబడుతుండగా అతడు తారు రోడ్డు వదిలి అడవి బాట పట్టాడు. బండి చక్రాలు ఎర్రమట్టిలో జారుతున్నాయి. ఫెళఫెళమని ఉరుము! ఆ ఉరుము వెనకనే, పగలు ఇంకా చావకముందే, ఎండిన ఏపిచెట్టు కొమ్మ మీద ఒక గుడ్లగూబ... కూ...ఊఁ... అని మూలిగింది. ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు. చెప్పుకోవడానికి ఎవరైనా ఉంటే, "భయమేస్తందే" అని చెప్పేవాడు. ఎవరూ లేరు.

బోదగడ్డి కప్పిన ఆ గుడిసె కొండచరియ కింద నక్కి కూర్చున్న మృగంలా ఉంది. లోపల నువ్వులనూనె దీపం... మాడిన వెంట్రుకల కంపు... మట్టిగోడ గూళ్ళలో వరసగా పదకొండు కపాలాలు! వాటి కళ్ళగుంటల్లో కుంకుమ... దవడలకు ఎర్రదారం కట్లు!

వాటి కింద, పులితోలు కాదు, సిమెంటు సంచి పరుచుకుని కూర్చున్నాడు కపాలయ్య. అసలు పేరు గోపాలకృష్ణయ్య. ఎండిన కట్టెలాంటి దేహం, నిప్పుకణికల్లాంటి నేత్రాలు. అతడి ఎదుట ఒక స్త్రీ. నలభై ఏళ్ళుంటాయి. విరబోసుకున్న జుట్టు, నేలను తాకుతున్న చూపు. ఆమె పేరు పున్నమ్మ. మూర్ఛ నయం చేస్తాడని ఎప్పుడో వచ్చి, తిరిగి పోలేకపోయిన మనిషి. చనిపోయినవాళ్ళు ఆమె నోటినుంచే పలుకుతారు.

"తెచ్చావా?" కపాలయ్య గొంతు ఎండుటాకులు నలిగినట్లుంది. "ఆమె చెయ్యి పడిన డబ్బాలో బియ్యమేనా?"

"ఆమె పోయినాక ఆ డబ్బా మూత తియ్యలేదు."

"నాకు దక్షిణ వద్దు. నీ చేత్తో కొలువు, అంతే. ఏడు కొలతలు. ఏడోది పడగానే నీ ఇల్లాలు మాట్లాడుద్ది."

ఏమీ అడగనివాడి దగ్గర సరుకు కొనకూడదు. పాతికేళ్ళుగా కొట్లో కూర్చుని కోటిబాబు నలుగురికీ చెప్పిన మాట అది. ఆ క్షణాన ఆ మాట అతడికి గుర్తు రాలేదు. కపాలయ్య పన్నెండో కపాలాన్ని, ఖాళీగా, తెల్లగా మెరుస్తున్నదాన్ని, తిరగేసి అతడి చేతికిచ్చాడు. అదే కొలపాత్ర!

మంత్రం మొదలైంది... హ్రీం... క్రోం... ఫట్...! దీపం నీలంగా మారింది. కోటిబాబు కపాలంలోకి బియ్యం నింపి, పున్నమ్మ ముందున్న ముగ్గులో దిమ్మరించాడు.

"లాభం," అన్నాడు అలవాటుగా. గింజ కొలిచేటప్పుడు ఏ వర్తకుడూ ఒకటి అనడు.

రెండో కొలత... మూడో కొలత... పున్నమ్మ దేహం తాడు తెగిన విల్లులా వణికింది. నాలుగో కొలతకు ఆమె దగ్గింది. ఆ దగ్గు...! పద్మజ దగ్గు! కోటిబాబు ఆశగా అయిదోది పోశాడు.

"ఆపయ్యా...! కొలవబాకయ్యా...!"

గుడిసె అదిరిపోయేలా కేక! పద్మజ గొంతే. "నువ్వు కొలిచిందల్లా ఈడిదవుతంది! ఏడూ పడ్డాయంటే ఆ బుర్రలో నన్ను కట్టేస్తాడు. ఆ గూట్లో పన్నెండోదాన్ని నేనే! ఇంక నాకు చావు గూడా లేదు!"

కోటిబాబు కపాలాన్ని విసిరేయబోయాడు. వేళ్ళు దానికి అతుక్కుపోయాయి! చెయ్యి తన ప్రమేయం లేకుండానే మూటలోకి పోతోంది... నింపుతోంది... లేస్తోంది... ఆరు!

"పో... పోలే..." అని అరవబోయాడు. నాలుక రాయిలా బిగుసుకుంది.

కపాలయ్య వికటంగా నవ్వాడు. "పలకదు! ఈ గుడిసెలో నోరున్న ప్రతిదీ నాదేరా, నీ నోరుతో సహా! ఆ పేరు ఇక్కడ పుట్టదు. కట్టుకున్నవాడు తన చేత్తో కొలిచిస్తే తప్ప చచ్చిన ఆడది నాకు లొంగదు. పదకొండుమంది మొగుళ్ళు కొలిచారు. నువ్వు పన్నెండోవాడివి. కొలువ్!"

పైన పిడుగు... కింద వాగు హోరు... పున్నమ్మ నోట ఒక ఏడుపు. పచ్చి బాలింత ఏడుపులా సన్నగా, తెగకుండా. కపాలం వంగింది. గింజలు జలజలా రాలాయి.

ఏడు!

పదకొండు కపాలాలూ గూళ్ళలో కటకటలాడాయి. మంత్రం ఆగిపోయింది. కొలత పూర్తయింది. కోటిబాబు వేళ్ళు వదులయ్యాయి. కపాలం నేల మీద దొర్లింది.

అంతా అయిపోయింది. కానీ అతడి కుడిచెయ్యి ఆగలేదు! ఎంత పెద్ద బస్తా తూచినా, ఎంత చిన్న పొట్లం కట్టినా, తూకం సరిపోయాక పైన ఒక గుప్పెడు వేయనిదే ఆ చెయ్యి ఊరుకోదు. తండ్రి నేర్పిన చెయ్యి అది. మనసు ముక్కలైపోయినా చెయ్యి తన ధర్మం తాను చేసింది. మూటలోకి వెళ్ళి, గుప్పెడు బియ్యం తీసి, పున్నమ్మ ఒడిలో వేసింది.

నీలపు దీపం తటపటాయించింది. కపాలయ్య ముఖంలో మొదటిసారి నెత్తురు ఇంకిపోయింది.

"ఏం చేశావురా?"

"కొసరు," అన్నాడు కోటిబాబు. తన నోరు తనకు వచ్చినందుకు తనే ఉలిక్కిపడి.

"నేనడిగానా?"

"అడక్కపోయినా ఏస్తాం."

కొలిచినదంతా మాంత్రికుడిది. కొలవనిది ఎవరిది? ఆ గుడిసెలో అతడి మంత్రానికి అందని వస్తువు ఏదైనా ఉందంటే, అది ఆ గుప్పెడు గింజలే! పున్నమ్మ చెయ్యి మెల్లగా కదిలింది. ఒడిలోని గింజలు తీసి నోట్లో వేసుకుంది. నమిలింది. తల ఎత్తింది. ఆ కళ్ళు పద్మజవి.

కపాలయ్య కత్తి దూసి లేచాడు. "గుప్పెడు గింజలకు ఒక్క మాట! ఒకే ఒక్క మాట వస్తదే నీకు! ఆ మాటతో ఏం పీకుతావ్? అది కాస్తా అనేసి బుర్రలోకి ఎక్కు!"

ఆమె మాంత్రికుడి వైపు చూడనే లేదు. భర్తనే చూసింది. జాలిగా, ముద్దుగా, ఇరవై ఏళ్ళనాడు గడపలో నిలబడి చూసినట్లు. ఆమె పెదవులు గుండ్రంగా విచ్చుకున్నాయి...

అదే మాట! ఆసుపత్రి మంచం మీద రాని మాట! అతడు దేని కోసం నూరు కిలోమీటర్లు వానలో తడిసి వచ్చాడో ఆ మాట, జానెడు దూరంలో, నోటి అంచున! ఆమె అతడికోసం ఆ ఒక్క మాటనూ ఖర్చు పెట్టేస్తోంది. అది విన్నాడంటే ఆమె యుగయుగాలు ఆ గూట్లో ఉంటుంది. వినలేదంటే తాను బతికినంతకాలం...

కోటిబాబు అన్ని బేరాల్లోనూ కోరినదాన్నే ఇంటికి తెచ్చుకున్నాడు. జీవితంలో మొదటిసారి, ఒకే ఒక్కసారి, చేతికందినదాన్ని వదిలేశాడు.

"అది వద్దు పద్మా!" అని గొంతు చీలేలా అరిచాడు. ఆ పేరు మాత్రం అతడి నాలుకకు ఇంకా రావడంలేదు, అది ఆ గింజలు తిన్న నోటికే వస్తుంది. "నాకు చెప్పబాక! అమ్మను పిలువు! ఆ తల్లిని పిలువే!"

ఆమె పెదవులు ఒక్క క్షణం ఆగాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కత్తి పైకి లేచింది...

"పోలేరమ్మా...!"

ఆ కేక ఆమె ఒక్కదానిదే. కానీ పదకొండు దవడల ఎర్రదారాలు పుటుక్కున తెగిపోయాయి! పదకొండు నోళ్ళు ఒక్కసారిగా అదే పేరు అందుకున్నాయి! వాన చప్పుడు మీదుగా ఎక్కడినుంచో డప్పుల మోత... పచ్చి వేపాకు వాసన... తడిసిన పసుపు వాసన... చెవులు చిల్లులుపడేలా ఒక అందెల అడుగు! బోదగడ్డి కప్పు కాగితంలా ఎగిరిపోయింది. కపాలయ్య తలెత్తి చూశాడు. అతడు చూసినదేమిటో కోటిబాబు చూడలేదు. చూసినవాడి ముఖం మాత్రం చూశాడు. ఆ తరువాత ఎన్నడూ దాని గురించి ఎవరికీ చెప్పలేదు.

"తల్లీ... నేను... నీ బిడ్డను..." అన్నాడు మాంత్రికుడు. అబద్ధం. చివరి మాట కూడా అబద్ధమే! కుంభవృష్టి కురుస్తుండగా, నిలువునా, వత్తిలాగా కాలిపోయాడు. అరుపు కూడా మిగలలేదు. సిమెంటు సంచి మీద గుప్పెడు బూడిద మిగిలింది. వాన దాన్ని చంద్రవంకలోకి తోసేసింది. గూళ్ళలో కపాలాలు, నేల మీది పన్నెండోది, ఒక్కొక్కటే సున్నపు పెంకుల్లా చిట్లి, పొడి అయి రాలిపోయాయి. ఆ పొడిలోంచి ఎవరో తేలిగ్గా నిట్టూర్చినట్లయింది. పన్నెండుసార్లు!

*

పున్నమ్మను వెనక ఎక్కించుకుని కోటిబాబు మాచర్ల వచ్చేసరికి వాన సన్నబడింది. గురజాలలో ఆమె చెల్లెలు ఉందట. దారి పొడుగునా ఆమె బండి కమ్మీ పట్టుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. చెల్లెలి వాకిట్లో దిగాక అడిగింది.

"అన్నా, నా నోట్లోంచి మీ ఇంటావిడ పలికిందంటగా. ఏమన్నా చెప్పిందా?"

"లేదమ్మా. నీకేమన్నా గుర్తుందా? ఆ చివర్లో... ఏదో అనబోయింది."

పున్నమ్మ చాలాసేపు ఆలోచించింది. పాపం, నిజంగానే ఆలోచించింది. "లేదన్నా. నోరంతా బియ్యం తీపి. అంతే." ఆగి, "అన్నం తిని పో, చీకటి పడింది," అంది.

"ఉండనీలే అమ్మా. ఇంట్లో..." అన్నాడు కోటిబాబు. ఇంట్లో ఎవరున్నారని చెప్పాలో తోచక వాక్యం అక్కడే వదిలేసి బండి తీశాడు.

పిడుగురాళ్ళ సున్నపు బట్టీల పొగ వానలో తడిసి రోడ్డు మీదికి పాకుతోంది. లారీలు నీళ్ళు చిమ్ముతూ దాటిపోతున్నాయి. కోటిబాబు ఏడవలేదు. హెల్మెట్ లోపల, ఎవరికీ కనబడకుండా, పెదవులు గుండ్రంగా విప్పాడు. ఒకసారి కలిపి విడదీశాడు. గొంతు జతచేశాడు.

"ఊపిరి..." అన్నాడు. కావచ్చు. కానీ ఊపిరి ఆడనిదానికి అది చెప్పాల్సిన పనేముంది? "ఓపిక..." అది అతడికి లేదని ఆమె రోజూ అనేది. "ఉప్పు..." వంటింట్లో ఉప్పు నిండుకుందని మంచం మీద కూడా గుర్తుచేసే మనిషే. ఏదైనా కావచ్చు... ఏదీ కాకపోవచ్చు.

నకరికల్లు దాటింది. పేట ఇంకా కొంత దూరం ఉంది. వెనక సీటు మీద మళ్ళీ వాన కురుస్తోంది. కోటిబాబు పెదవులు మళ్ళీ గుండ్రంగా విచ్చుకున్నాయి.