కొండకి పంపిన వెలుతురు

ఆ వేళ కూడా మొదటి విడత బ్రెడ్డు ఆలస్యమైంది. ఓవెన్ వేడెక్కడానికి కరెంటు చాలక, పొంగిన పిండి ట్రేలలో అలాగే ఉండిపోయింది. బేకరీ ఆయన బల్ల చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఆయన కోపం ముక్కు మీదే ఉంటుందని వీధిలో అందరికీ తెలుసు. తెల్లవారుజామున మాత్రం అది ముక్కు దిగి నోట్లోకి వస్తుంది.

"రాత్రి ఎవరో మిషన్లు తెగ తిప్పేశారు. బ్యాటరీలు అడుగంటాయి. మీటింగుల్లో చెప్పీ చెప్పీ నా నోరు పడిపోవాలి గానీ ఒక్కరైనా వింటేనా!"

"కాసేపట్లో ఎండ వస్తుందిగా. ఈ లోపల టీ తాగండి" అంది భార్య.

"టీ తాగితే బ్రెడ్డు కాలుతుందా?" అంటూనే గ్లాసు అందుకున్నాడు.

ఆ వీధి కరెంటు ఆ వీధి వాళ్ళదే. డాబాల మీద సోలార్ పలకలు, బేకరీ వెనక గదిలో అందరికీ కలిపి బ్యాటరీలు, ఇంటింటికీ గోడ మీద ఒక పెట్టె. ఏ ఇంట్లో మిగిలితే అది కొరతగా ఉన్న ఇంటికి, ఎవరూ అడగకుండానే, ఆ పెట్టెలు పంపేస్తాయి. దీనికొక సంఘం, ఆ సంఘానికి పెద్ద మన బేకరీ ఆయన. కానీ ఇదంతా నిలబెట్టింది ఆయన కూతురు. చిన్నప్పట్నుంచీ కువకువమంటూ ఇల్లంతా తిరిగే పిల్ల కాబట్టి గువ్వ అని పిలిచేవాళ్ళు. చదువు అయ్యాక వీధిలో ఎక్కని డాబా లేదు. ఎక్కిన ప్రతి డాబా మీదా ఎవరితోనో ఒకరితో వాదన పెట్టుకుని, గెలిచి దిగేది.

"అమ్మా, నువ్విక్కడ ఒక దీపం ఆర్పావనుకో, అది ఇంకొకరింట్లో వెలుగుతుంది. అంతే, ఇందులో ఇంకే మాయా లేదు" అని తల్లికి ఒకసారి చెప్పింది. ఆవిడకి కరెంటు గురించి తెలిసిందీ, నచ్చిందీ ఆ ఒక్క మాటే.

కిందటి వానాకాలంలో గువ్వ ఎగిరిపోయింది. మరీ దూరమేం కాదు. వాళ్ళ వంటింటి కిటికీలోంచి చూస్తే ఒక కొండ కనిపిస్తుంది. దాని భుజం మీద రాళ్ళు కొట్టేవాళ్ళ ఇళ్ళు కొన్ని ఉన్నాయి. మాకూ ఇలాంటి కరెంటు కావాలని వాళ్ళు వచ్చి అడిగారు. అది నిలదొక్కుకునేదాకా ఎవరో ఒకరు అక్కడే ఉండాలి. నేను వెళ్తానంది గువ్వ.

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఇక్కడిది ఇంకా పాలు తాగే పసిబిడ్డ. దీన్ని నా నెత్తిన పడేసి ఊరేగుతావా?" అన్నాడు తండ్రి.

"మీరు చూసుకోగలరు నాన్నా. అక్కడ వాళ్ళకి ఎవరున్నారు?"

"అయితే వాళ్ళ దగ్గరే ఉండు. మళ్ళీ ఈ గుమ్మం ఎక్కకు."

నోరు జారిన మాట. ఆయన వెనక్కి తీసుకోలేదు, ఆమె మర్చిపోలేదు. తండ్రి పోలికలు ఎక్కడికి పోతాయి! మధ్యలో నలిగింది తల్లి. ఆ రోజు నుంచి ఇంట్లో కూతురి పేరు వినబడలేదు. కాకపోతే రోజూ మొదటి బ్రెడ్డు కోసినప్పుడు, ఎర్రగా కాలిన అంచు ముక్కని ఆయన చేయి పక్కన పెట్టేది. గువ్వకి అదంటే ప్రాణం. సాయంత్రానికి గట్టిపడిన ఆ ముక్కని తల్లి టీలో ముంచుకుని తినేది. ఎందుకు పెట్టారని ఆవిడ అడగలేదు, ఎందుకు తింటున్నావని ఆయనా అడగలేదు.

కొండ ఎక్కడానికి ఆవిడ మోకాళ్ళు ఒప్పుకోవు. అవి ఒప్పుకున్నా, ఆయన ఎదురుగా చెప్పులు వేసుకుని బయల్దేరే ధైర్యం లేదు. మిగిలింది కిటికీ ఒక్కటే. పొద్దుగూకగానే కొండ మీద దీపాలు వెలిగేవి. అందులో గువ్వది ఏదో తెలియదు గనక అన్నింటినీ చూసుకునేది. గిన్నెలు కడిగి వచ్చేసరికి అవి ఒకటొకటిగా ఆరిపోయేవి. మధ్యాహ్నం దాటితే చాలు, కొండ నీడ వాళ్ళ పలకల మీదే పడుతుందట. పాపం, పిల్ల చీకట్లో అన్నం తింటోంది అనుకునేది తల్లి. ఆ తర్వాత తన ముద్ద దిగేది కాదు.

ఇంతలో ఒకరోజు, వీధి చివర నుంచి కొండ దాకా వరసగా కొత్త స్తంభాలు లేచాయి. స్తంభాలు వచ్చాయంటే తీగ వచ్చినట్టే అనుకుంది ఆవిడ. ఎవరినైనా అడగొచ్చు. కానీ అడగాలంటే ఇంట్లో ఆ పేరు ఎత్తాలి. అందుకని అడగలేదు.

ఆ సాయంత్రం నుంచే మొదలుపెట్టింది. ఆయన ముందు కొట్లో లెక్కలు చూసుకునే వేళ చూసి హాల్లో దీపం ఆర్పేది. తర్వాత వసారాలోది, పడగ్గదిలోది, ఆఖరికి వంటింటిది. ఫ్యానూ, ఫ్రిజ్జూ కూడా. ఫ్రిజ్‌లో పాలు విరిగిపోతే, అది పాతదైపోయిందని ఆయన విసుక్కునేవాడు. ఆవిడ మాత్రం కిటికీ దగ్గర చీకట్లో కూర్చుని "తీసుకోవే తల్లీ, కడుపునిండా తిను" అనేది. కొండ మీద దీపాలు మునుపటికన్నా ఇంకాస్త సేపు నిలుస్తున్నాయనిపించేది ఆవిడకి. ఇచ్చి చెప్పుకుంటే ఇచ్చినట్టా? అందుకే గువ్వ ఫోన్ చేసినా ఆ సంగతి ఎత్తలేదు. మొదట్లో రోజూ గలగలా మాట్లాడే పిల్ల, రానురాను "ఆఁ, బాగున్నాను" దగ్గర ఆగిపోతోంది. పని ఒత్తిడేమోలే అని సరిపెట్టుకుంది.

బ్రెడ్డు ఆలస్యమైన ఆ పొద్దున్నే ఎదురింటి దర్జీ వదిన వచ్చింది. కుట్టుమిషన్ ఎంత వేగమో ఆవిడ నోరూ అంతే.

"ఏం వదినా, నిన్న కూడా మీ ఇల్లు చీకటిగుయ్యారమే! దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు గానీ, ఆర్పి చక్కబెట్టుకోమన్లేదు."

"కళ్ళు మంటలు వదినా, వెలుతురు పడటం లేదు."

"కళ్ళకి ఏం మంటో నాకు తెలీదనుకోకు" అని ఆవిడ గొంతు తగ్గించింది. "ఇవాళ సాయంత్రం మీటింగుకి కొండవాళ్ళ తరఫున మీ గువ్వే వస్తోంది. అన్నయ్య చెప్పలేదూ?"

తల్లి చేతిలోని బుట్ట కింద పెట్టేసింది. ఆయన చెప్పలేదు. సాయంత్రం కుర్చీలు వేయించమని మాత్రం చెప్పాడు.

మధ్యాహ్నం పని అయ్యాక తల్లి తల దువ్వుకుంది, మళ్ళీ దువ్వుకుంది. పొద్దున పక్కన పెట్టిన అంచు ముక్క కోసం చూస్తే అది ఎప్పుడూ ఉండే చోట లేదు. భర్త దాన్ని శుభ్రమైన కాగితంలో చుట్టి గల్లాపెట్టె మీద పెట్టుకోవడం కనిపించింది. ఆవిడ చూడనట్టే వెళ్ళిపోయింది.

ఎండ ఇంకా తగ్గకముందే జనం బేకరీలో కూర్చున్నారు. తల్లి లోపలి తలుపు దగ్గర నిలబడింది. గువ్వ వచ్చింది. చిక్కింది, నల్లబడింది, చెప్పుల నిండా రాతిపొడి. వచ్చి మెట్టు కిందే ఆగిపోయింది.

"లోపలికి రావే" అంది దర్జీ వదిన.

"పర్లేదు అత్తా. ఇక్కణ్ణుంచీ వినబడుతుంది."

గుమ్మం ఎక్కొద్దన్న మాట వీధిలో తెలియని వాళ్ళు లేరు. అందరూ బేకరీ ఆయన మొహం చూశారు. ఆయన పైకప్పు చూశాడు.

వీధిలో నిలబడే గువ్వ చెప్పడం మొదలుపెట్టింది. "మధ్యాహ్నం మీకు ఎండ ఎక్కువ, కరెంటు మిగిలిపోతుంది. అప్పటికి మా పలకలు నీడలో ఉంటాయి. తెల్లవారుజామున మాకు గాలి ఎక్కువ, గాలిమర తిరుగుతూనే ఉంటుంది, వాడుకునే దిక్కు లేదు. అప్పుడు మీకేమో ఓవెన్‌కి చాలదు. రెండూ కలిపితే ఎవరికీ కొరత ఉండదు. కలిపే లైను ఈ బేకరీ డాబా మీద నుంచే మొదలవ్వాలి. వేరే దారి లేదు. సంఘం పెద్ద గారు ఒప్పుకోవాలి."

"సంఘం పెద్ద గారు" అన్న మాట ఆయనకి గుచ్చుకుంది. "డాబా నాది. మా బ్యాటరీలే అడుగంటుతున్న రోజుల్లో, ఊళ్ళో వాళ్ళందరికీ పంచిపెట్టమంటే నా వల్ల కాదు. ముందు మా వీధి."

"మీ వీధే. కాదన్నదెవరు?"

"అనలేదు, వదిలేసి పోయావు. కట్టిందానివి నువ్వే, నడిమధ్యలో చేయి విడిచిందానివీ నువ్వే!"

"నేను విడిచానా?" గువ్వ గొంతు మారిపోయింది. "పొమ్మన్నారు, పోయాను. గుమ్మం ఎక్కొద్దన్నారు, ఎక్కలేదు. అయినా రోజూ పొద్దుగూకే వేళకి కొండ అంచున కూర్చుని మన వంటింటి దీపం చూసుకునేదాన్ని. అదొక్కటి కనబడితే చాలు, ఇంట్లో అన్నం తిన్నట్టుండేది. అది కూడా ఆర్పేశారు! ఒకరోజు కాదు, రోజూ, నేను కూర్చునే వేళకే. పొమ్మని నోటితో అన్నారు సరే, దీపంతో కూడా చెప్పాలా నాన్నా?"

బేకరీ ఆయన తెల్లబోయాడు. "నేనా? నేను ఎక్కొద్దన్నాను గానీ దీపం ఆర్పమని ఎప్పుడన్నాను?"

"ఆయన కాదే" అంది తల్లి. అందరి తలలూ అటు తిరిగాయి. మీటింగులో ఆవిడ నోరు విప్పడం ఎవరూ చూసి ఎరగరు. "నేనే ఆర్పాను. నీకోసమే ఆర్పానే తల్లీ. నువ్వే చెప్పావుగా, ఇక్కడ ఆర్పితే ఇంకొకరింట్లో వెలుగుతుందని. స్తంభాలు వేశారుగా మరి. రోజూ ఇంట్లో ఉన్నదంతా నీకే పంపాను. అన్నం వేళకైనా నీ దగ్గర దీపం ఉంటుందని..."

గువ్వ మెల్లగా అంది. "అమ్మా... అవి ఉత్త స్తంభాలమ్మా. తీగ లేదు. దానికోసమే కదా నేను ఇవాళ వచ్చింది."

"లేదా?" అంది తల్లి. "మరి అదంతా ఎక్కడికి పోయింది?"

దర్జీ వదిన లేచి నిలబడింది. "నా మిషన్‌కి పోయింది వదినా. సాయంత్రమైతే ఎక్కడిదో ఇంత కరెంటు వచ్చిపడుతోంది, నా అదృష్టమేమో అనుకుని తెల్లారేదాకా కుట్టేశాను. నాకేం తెలుసు, అది నువ్వు బిడ్డకి పంపుకున్నదని!" నవ్వుతూ మొదలుపెట్టిన మనిషి, మాట ముగిసేసరికి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

బేకరీ ఆయన భార్య వంక చూశాడు. ఇన్నాళ్ళూ పక్క గదిలో ఈ మనిషి చీకట్లో కూర్చుంటే, తన మీద అలిగిందనుకున్నాడు. అలక తీరిస్తే కూతురి మాట వస్తుందని పలకరించడం కూడా మానేశాడు. చీకటి తన ఇంట్లోనే ఉంటే తను వీధి లెక్కలు చూసుకున్నాడు.

రమ్మనడం ఆయనకి చేతకాలేదు. గల్లాపెట్టె మీది పొట్లం తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి, లోపలే నిలబడి చేయి చాపాడు.

"ఏంటది?"

"అంచు ముక్క."

గువ్వ చేయి చాపింది. "అందడం లేదు నాన్నా."

"అందకపోతే ఎక్కు" అన్నాడు. ఆ మాట సగంలోనే ఆయన కళ్ళు నిండిపోయాయి.

గువ్వ మెట్టెక్కింది. పొట్లం సంగతి మర్చిపోయి తండ్రి భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. తల్లి వచ్చి ఇద్దరి మధ్యా దూరింది. లైను గురించి చేతులెత్తమని ఎవరూ అడగలేదు. దర్జీ వదినే అందరి తరఫునా "అయిపోయింది, కలపండి" అనేసింది.

ఆ పూట ఉండిపొమ్మని తల్లి బతిమాలింది. కానీ చీకటి పడకముందే కొండ మీద బ్యాటరీలు చూసుకోవాలి. అంచు ముక్క నములుతూనే వెళ్ళిపోయింది గువ్వ. వెళ్ళిపోతుంటే తల్లికి మళ్ళీ మొదటి రోజులాగే అయింది. దీపాలకి ఎన్ని దారులైనా వేయొచ్చు, కన్నబిడ్డ ఎదురుగా లేని లోటు లోటే.

ఆ సాయంత్రం ఆయనే లేచి ఇంట్లో ఉన్న ప్రతి దీపమూ వేశాడు. కొట్టు బోర్డు కూడా వెలిగించాడు. "అన్నయ్యా, మాకు చెప్పిన పొదుపు నీతులేవీ?" అని ఎదురింట్లోంచి కేక వచ్చింది. "ఈ ఒక్క పూటకి నోర్మూసుకో అమ్మా!" అన్నాడు.

వానలు మొదలయ్యేలోగా తీగ లాగారు. కలిపిన రోజు పొద్దుగూకే వేళకి మొగుడూ పెళ్ళాం ఇద్దరూ వంటింటి కిటికీ దగ్గర నిలబడ్డారు. ఆవిడ చేయి స్విచ్ మీద ఉంది. ఆర్పితే ఇప్పుడు నిజంగానే చేరుతుంది. కానీ పిల్ల దీపం కోసం చూస్తూ ఉంటుంది. ఏం చెయ్యాలో తోచక అలాగే నిలబడిపోయింది.

ఫోన్ మోగింది. "అమ్మా, అక్కడే ఉన్నావు కదూ?"

"ఇక్కడే ఉన్నానే. ఆర్పనా, ఉంచనా?"

"హాల్లోది ఆర్పు. వసారాలోది కూడా. వంటింటిది ఒక్కటి ఉంచమ్మా. మిగతావి పంపు."

ఆవిడ ఒకటొకటిగా ఆర్పుకుంటూ వచ్చింది. ఆయన ఫోన్ అందుకున్నాడు. ఎన్నాళ్ళ తర్వాతో, గొంతు సవరించుకుని, "గువ్వా, తెల్లవారుజామున నీ గాలి పంపడం మర్చిపోకు. పిండి కలిపి పెట్టాను" అన్నాడు.

గిన్నెలు కడిగి వచ్చి తల్లి మళ్ళీ కిటికీలోంచి చూసింది. కొండ మీద దీపాలు ఒక్కటీ ఆరలేదు. వాటిల్లో గువ్వది ఏదో ఇప్పటికీ తెలియదు. ఎప్పటిలాగే అన్నింటినీ చూసుకుని, కంచంలో అన్నం పెట్టుకుని, ఆ కిటికీ దగ్గరే కూర్చుని తినడం మొదలుపెట్టింది.