నడుమ నుంచి మాయమైన గొంతు

అశోక్‌నగర్ జగదీశ్వర్ గారింట్లో ఖరీదైన స్పీకర్ తీగ ఒకటి పోయిందని పక్కింటి మనోరమ కూరగాయల బండి దగ్గర చెప్పిందట. పనిమనిషి బీరమ్మ దాన్ని నడుముకు చుట్టుకుని పోతుంటే బాల్కనీలోంచి చూశానని కూడా అన్నదట. ఆ మాట చిక్కడపల్లి చేరేలోగా తీగ కాస్తా బంగారు గొలుసైంది. పొద్దుగూకేసరికి మూడిళ్ళవాళ్ళు బీరమ్మను పనికి రావద్దన్నారు. బస్తీలో ఆమె ఉండే గది యజమాని నెలాఖరుకు ఖాళీ చెయ్యమన్నాడు.

ఇదంతా తల్లి నోట విన్న సంయుక్త, మర్నాడు పొద్దున్నే బీరమ్మను వెంటబెట్టుకుని నారాయణగూడలో తాను పనిచేసే ఆఫీసుకు వచ్చింది. ఆ ఆఫీసు ప్రైవేట్ డిటెక్టివ్ కాశీవిశ్వనాథానిది. ఈ పనిలోకి రాకముందు ఆయన కోఠిలో ఇరవై ఏళ్ళు రేడియోలు బాగుచేశాడు. మనుషుల్ని కూడా ఆయన వెనక మూత విప్పి చూస్తాడని అసిస్టెంటు సంయుక్త నమ్మకం.

"జగదీశ్వర్ సారు సాయంత్రం దాకా టైమిచ్చిండు సార్. తీగ తెచ్చియ్యకుంటే ఠాణాకు పోతడంట." అంది బీరమ్మ. "మాది పాలమూరు దిక్కు. మా ఆయన సెంట్రింగు పనికి పోతడు. దొంగ పేరు పడ్డంక నాకు ఎవలు పనిస్తరు?"

"ఆ పాటల డబ్బాల ఎనక ఎప్పుడన్న చెయ్యి పెట్టినవా అమ్మా?"

"లే సార్." చెప్పింది గానీ చూపు నేల మీదికి దిగింది. కాశీవిశ్వనాథం మళ్ళీ అడగలేదు.

జగదీశ్వర్ రిటైరైన లెక్చరర్. ఆయన ఇంటి హాల్లో మనిషి ఛాతీ ఎత్తున రెండు స్పీకర్లు, వాటికి ఎదురుగా సరిగ్గా నడుమ ఒక కుర్చీ. ఆయన ఫోన్ తీసి ఇంటర్నెట్‌లోంచి ఒక పాత పాట పెట్టాడు.

"విన్నరా? మంగళవారం పొద్దున దాకా ఈ పాడే ఆమె గొంతు ఈ రెండింటి నడుమ మనిషి నిలబడ్డట్టు నిలబడేది. బుధవారం కూసుంటె గొంతు ఎటు పోయిందో తెల్వదు. డోలక్ దెబ్బల బలం లేదు. టార్చేసి వంగి చూస్తె నా ఊదారంగు కేబుల్ లేదు, ఈ చిల్లర తీగ ఉన్నది. మంగళవారం బీరమ్మ తప్ప ఎనకకు ఎవ్వరు పోలె."

"వైఫై వీకయిందేమో సార్?" సంయుక్త మెల్లగా అడిగింది.

"నెట్ సరిగ్గ లేకుంటే పాట ఆగి ఆగి వస్తది. నడుమ నుంచి గొంతును ఎత్తుకపోదు," అని కాశీవిశ్వనాథం జగదీశ్వర్ వైపు తిరిగాడు. "బుధవారం కంటె ముందు ఆ కేబుల్‌ను ఎప్పుడు చూసిండ్రు?"

"నడుం నొప్పి, వంగనీకె రాదు. అయినా చూసుడెందుకు? నా చెవులు మోసపోవు."

కాశీవిశ్వనాథం ఎడమ స్పీకర్ పక్కన నిలబడి విన్నాడు. బాగుంది. కుడి పక్కన విన్నాడు. అదీ బాగుంది. నడుమ కుర్చీలో కూర్చుంటే మాత్రం పాట బోలుగా ఉంది. తర్వాత టార్చి పట్టుకుని వెనక్కు దూరాడు. రెండు పాయల సన్న తీగ, ఒక పాయ మీద ఎర్ర గీత. అతుకు పెట్టిన చోట ఆకుపచ్చ టేపు. తీగ పొడుగునా మీగడరంగు చుక్కలు. గోరుతో గీకితే పెచ్చులూడాయి. ఆయన తలెత్తి గోడ వైపు చూశాడు. గోడదీ అదే రంగు.

మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్తే కోడలు అనిత మిక్సీ తిప్పుతోంది. మిక్సీ తీగకూ ఆకుపచ్చ టేపే.

"ఇది ఎవరు చుట్టిండ్రమ్మా?"

"మా ఆయన. ఇంట్ల ఏ వైరు తెగినా ఆయనే చూస్తడు."

"గోడలకు రంగులు ఎప్పుడేయించిండ్రు?"

"పోయిన దసరా ముంగట. మామయ్య కరీంనగర్‌ల మా ఆడబిడ్డ తానికి పోయినప్పుడు. ఈయన లీవు పెట్టి దగ్గరుండి ఏయించిండు."

"బీరమ్మ ఎప్పుడు చేరింది?"

"మొన్న ఉగాది అయినంక."

అప్పుడే లోపలికొచ్చిన కొడుకు ఉమాకాంత్ అడక్కముందే అన్నాడు. "నాన్న సిస్టం జోలికి నేను పోను సార్. చెయ్యి గూడ పెట్ట."

సాయంత్రం అయిదింటికి అందరినీ హాల్లో కూర్చోబెట్టారు. మనోరమను పిలవకపోయినా వచ్చింది. బీరమ్మ గుమ్మం దగ్గరే నిలబడింది.

"జగదీశ్వర్ గారూ, జర కండ్లు మూసుకోండి." కాశీవిశ్వనాథం స్పీకర్ల వెనక్కు వెళ్ళి ఒక్క నిమిషంలో బయటికొచ్చి, అదే పాట పెట్టమన్నాడు.

పాడే ఆమె గొంతు గది మధ్యకు వచ్చి నిలబడింది. డోలక్ గుండెకు తగిలింది. జగదీశ్వర్ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

"ఇదే! ఇదే నా కేబుల్! ఏడ దొరికింది?"

"దొరకలేదు. వచ్చి చూడుండ్రి."

జగదీశ్వర్ నడుం పట్టుకుని వంగి చూశాడు. అదే చిల్లర తీగ.

"కుడి స్పీకర్ ఎనక తీగ బిగించే బిరడాలు రెండు. ఎర్ర గీత పాయ ఎర్రదానికి పోవాల్సింది నల్లదానికి పోయింది. అట్లయితే ఒక స్పీకర్ గాలిని ముందుకు తోసినప్పుడు రెండోది ఎనకకు గుంజుతది. దేని పక్కన నిలబడ్డా బాగనే ఉంటది. నడుమ కూసుంటే గొంతు మాయం. నేను ఆ రెండు కొసలు అటుదిటు చేసిన, అంతే. బీరమ్మా, మంగళవారం ఏమైంది? భయపడకు."

బీరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "తుడుస్తుంటె కర్ర తగిలి తీగ ఊడింది సార్. తిడతరని నేనే పెట్టిన. మా ఆయన బల్బుకు ఏ తీగ ఎటు పెట్టినా ఎలుగుతదన్నడు. ఇది గూడ గట్లనే అనుకున్న."

"చూసిండ్రా? ముట్టిందన్నట్టేగా!" అంది మనోరమ.

"ముట్టింది. దొంగిలించలేదు. మీరు బాల్కనీలకెళ్ళి ఏం చూసిండ్రు మేడం?"

"అది... నడుముకేదో చుట్టుకున్నట్టు..."

"కొంగు చెక్కుకున్నట్టుంది." కాశీవిశ్వనాథం తీగను వెలుతురులోకి లాగాడు. "దీని మీద చుక్కలు చూడుండ్రి. దసరా ముంగట ఏసిన గోడ రంగు. అంటే రంగులు ఏసేనాటికే ఈ తీగ ఈడున్నది. బీరమ్మ చేరింది ఉగాది అయినంక. ఇగ ఈ టేపు మీ వంటింటిది. ఉమాకాంత్, నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?"

ఉమాకాంత్ గోడవైపు తిరిగాడు. "రంగులకని బీరువా జరుపుతుంటె దాని కాలు కేబుల్ మీద పడి తెగింది. నాన్న ఎన్నేండ్ల మోజు అది! చెప్పబుద్ధి కాలె. ఆ దినమే కోఠికి పోయి ఈ తీగ తెచ్చి బిగించిన. ఆయన వచ్చి పాట విని, రంగులేసినంక సౌండ్ ఇంకా మంచిగైంది అన్నడు. ఇగ ఊకున్న."

"తీగ సంగతి సరే," సంయుక్త అందుకుంది. "ఈమె మీద దొంగ పేరు పడ్డప్పుడు గూడ ఊకున్నవా అన్నా?"

అనిత లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. పాట ఇంకా నడుస్తూనే ఉంది. జగదీశ్వర్ ఫోన్ వెతికి ఆపేశాడు.

"అయిందేదో అయింది," అన్నాడు ఎవరి మొహమూ చూడకుండా. "ఠాణాకు పోను. రేపట్నుంచి పనికి రా బీరమ్మా."

బీరమ్మ గుమ్మం పక్కన పెట్టిన సంచి చంకకు తగిలించుకుంది.

"తీగ మారి ఎనిమిది నెల్లాయె, నీ చెవులకు తెల్వలే సార్. నేను దొంగనని ఒక్క దినంల ఎట్ల తెలిసె?"