ఎడ్లకెక్కిన కోపం

2087లో గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న నూకవరంలో మిరప విత్తనాన్ని ఎవరూ నేరుగా నారుమడిలో చల్లడం లేదు. రాగితీగ చుట్టిన గంపలో పోసి, ఒక పూట ఉంచి, అప్పుడు చల్లుతున్నారు. గంపలో పుట్టే విద్యుదయస్కాంత స్పందనలకు విత్తనం త్వరగా మేలుకుంటుంది. పొదుగువాపు వచ్చిన గేదెకు అలాంటి తీగలే కుట్టిన కంబళి కప్పుతారు. కబడ్డీ ఆడే పిల్లలు తొడలకు పట్టీలు కట్టుకుని మరీ బరిలోకి దిగుతారు. ఇవన్నీ చీపురూ చేటా అంత మామూలైపోయాయి.

ఒక్క స్పందమాల మాత్రం ఇంకా వింతగానే ఉంది. అది ఎడ్ల మెడలో వేసే పట్టెడ. బండలాగుడు పోటీల్లో చర్నాకోలనూ ముల్లుకర్రనూ చట్టం నిషేధించాక వచ్చింది. మారే అయస్కాంత క్షేత్రం కండరంలోకి వెళ్ళి, అక్కడి నరాల్లో చిన్న చిన్న విద్యుత్తులు పుట్టిస్తుంది. వేల పోగులు ఒక్కసారే బిగుసుకుంటాయి. అయితే ఏ లయలో బిగుసుకోవాలి? యంత్రం తనంతట తాను కల్పించిన లయకు విత్తనం మొలిచింది, పుండు మానింది కానీ, ఎద్దు కదల్లేదు. దానికి ప్రాణమున్న ఒంటి లయ కావాలి. అందుకని ఒక మనిషి ముందుగా మాలను తన నడుముకు కట్టుకోవాలి. ఆ మనిషి నరాల లయను అది పట్టుకుని ఎడ్లకు అందిస్తుంది. ఈ పనిని శ్రుతి చేయడం అంటారు. ఒకసారి శ్రుతి కుదిరితే పోటీ ముగిసేదాకా మార్చడానికి వీల్లేదు.

ఆ ఏడు ఊళ్ళో పెద్ద ఆసామి మాల్యాద్రి ఎడ్లకు శ్రుతి చేసే పనిని పోటీ సంఘంవారు పశువుల డాక్టరు వకుళకు అప్పగించారు. ఆ కబురు విని ఆమె ఇంటికి వెళ్ళి, ఆ పూట అన్నం వండుకోలేదు.

రెండేళ్ళ కిందట మాల్యాద్రి ఎడ్లను తోలింది వకుళ అన్న శింగయ్యే. వాటి పక్కనే పడుకుని, వాటితో మాట్లాడుతూ బతికిన మనిషి. ఆ ఏటి పోటీ రోజున కుడిపక్క ఎద్దుకు నరం పట్టేసిందనీ, బరిలో దించవద్దనీ కాళ్ళావేళ్ళా పడ్డాడు. మాల్యాద్రి వినలేదు. నొప్పి తెలియకుండా స్పందమాల పదును పెంచమన్నాడు. పరుగు మధ్యలో ఎద్దు కూలింది. బండ జారి శింగయ్య మోకాలి మీదికి ఎక్కింది. మర్నాడు సంఘం ముందు మాల్యాద్రి ఒక్కటే మాట చెప్పాడు: "వాడు చేతిలో మేకు దాచుకొని పొడిచాడండీ. అందుకే బెదిరింది." ఎద్దు చచ్చిపోయింది. దానికి నోరు లేదు. శింగయ్యకు నోరున్నా ఎవరూ వినలేదు. అప్పటినుంచి అతన్ని ఏ కొట్టంలోకీ రానివ్వడం లేదు.

వకుళ మొదట యంత్రాన్నే అడిగింది. స్పందమాలను నడిపే ఆ యంత్రం పేరు నాడి.

"ఎడ్లు సగం దూరంలో కూర్చుండిపోయేలా పెట్టగలవా?"

"పశువుకు హాని చేసే అమరికను నేను ఒప్పుకోను," అంది నాడి.

"హాని వద్దు. నీరసం చాలు."

"మీ ఒంట్లో నీరసం ఉంటే వాటికీ నీరసమే వస్తుంది. అది హాని కాదు."

అదే దారి దొరికింది. పోటీ దగ్గరపడే కొద్దీ వకుళ తిండి మానేసింది. మంచినీళ్ళు, పలచటి మజ్జిగ తప్ప ముట్టలేదు. నిద్ర ముంచుకొస్తే లేచి వాకిట్లో తిరిగేది.

"ఏం వ్రతమే ఇది?" అన్నాడు శింగయ్య, కర్ర ఊతగా గడపలో నిలబడి.

"మాల్యాద్రి వ్రతం."

అతను నవ్వాడు కానీ, ఆ నవ్వు నిలవలేదు. "పోయిందాన్ని తవ్వుకోబాకే. కాసిని గంజన్నా తాగు."

"వాడు ఓడిపోయిన రోజున తాగుతాను. ఊరంతా చూస్తుండగా వాడి ఎడ్లు ఆవలిస్తూ నిలబడాలి అన్నా. వాడు తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తిరగాలి."

తొలి పోటీ రోజున ఆమె బరి పక్కన డేరాలోకి వచ్చేసరికి కళ్ళ ముందు చుక్కలు తిరుగుతున్నాయి. మాలను నడుముకు కట్టుకుని బల్ల మీద కూర్చుంది. చేతులు వాటంతటవే ఒళ్ళోకి జారిపోయాయి. నాడి తెర మీద గీత చదునుగా, ఎండిన వాగులా సాగుతోంది. ఇంకాసేపు ఇలాగే ఉంటే చాలు.

అప్పుడే డేరా తెర ఎత్తుకుని మాల్యాద్రి లోపలికి వచ్చాడు. గంజి పెట్టిన చొక్కా, మెడలో పులిగోరు గొలుసు.

"ఏందమ్మా డాక్టరూ, మొహం అట్టా పీక్కుపోయింది? మీ అన్న తిండి పెట్టటంలా?"

వకుళ తెర మీదినుంచి చూపు తిప్పలేదు.

"శింగడి చెల్లెలివని తెలిసే ఒప్పుకున్నాలే. చదువుకున్నదానివి, పని చెడగొట్టవు. ఓ పని చెయ్యి, వాణ్ణి మా కొట్టం కాడికి పంపు. పేడ ఎత్తడానికి కాలెందుకూ!"

తన మాటకు తనే నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

వకుళ కదల్లేదు. వేలు కూడా కదపలేదు. కానీ కడుపులో ఎక్కడో అడుగున, అన్నం మెతుకు లేని చోట, ఏదో రాజుకుని వీపు మీదుగా మెడలోకి ఎగబాకింది.

"శ్రుతి కుదిరింది," అంది నాడి.

ఆమె తుళ్ళిపడి తెర వైపు చూసింది. ఎండిన వాగు లాంటి గీత నిలువుగా లేచి నిలబడి ఉంది. "ఆపు! మళ్ళీ చేద్దాం."

"ఒకసారి కుదిరితే మార్చడానికి వీల్లేదు. ఇది పోటీ నియమం."

ఆ రోజు మాల్యాద్రి ఎడ్లు లాగిన తీరును జనం చాలాకాలం చెప్పుకున్నారు. అరుపులు అక్కర్లేకపోయింది, అదిలింపు అక్కర్లేకపోయింది. తలలు వంచి, గిట్టలతో నేలను చీల్చుకుంటూ వెళ్ళాయి. రెండో జత వాటి దరిదాపుల్లోకి రాలేదు. గీత దాటాక కూడా ఆగకపోతే మనుషులు అడ్డం పడి ఆపాల్సి వచ్చింది.

వకుళ వాటి దగ్గరికి వెళ్ళింది. వాటికి దెబ్బలేమీ లేవు. కానీ ఎర్రబడ్డ కళ్ళతో అవి అటూ ఇటూ వెతుకుతున్నాయి. ఎవరినో పొడవాలి. ఎవరినో వాటికి తెలియదు. ఆమె గంగడోలు నిమిరితే ఒకటి వణికింది.

"వాటిలోకి వెళ్ళింది నా ఆకలి కాదా?" అని అడిగింది నాడిని.

"ఆకలి కండరాన్ని తగ్గిస్తుంది. కోపం ఉన్నదంతా బయటికి తీస్తుంది. ఇంతవరకూ నాకు పహిల్వాన్లు శ్రుతి చేశారు, యోగాభ్యాసం చేసినవాళ్ళూ చేశారు. ఇంత బలమైన లయ ఎవరిలోనూ దొరకలేదు."

వెనకనుంచి ఆ మాట వింటూ మెడలో పూలదండతో మాల్యాద్రి వచ్చాడు. ఈసారి నవ్వడం లేదు. ఎద్దు పళ్ళు చూసి ఖరీదు కట్టేవాడిలా ఆమెను తేరిపార చూశాడు.

"నాకు అర్థమైందిలే తల్లీ," అన్నాడు మెల్లగా. "నామీద కసి కడుపులో పెట్టుకున్నావ్. మంచిదే. గెలిచినోడికి డాక్టర్ని ఉంచుకునే హక్కుంది, ఆఖరి పోటీకీ నువ్వే చెయ్యి. చెయ్యనంటావా, చెయ్యబాక. నామీద మండిపడేవాళ్ళకి ఈ చుట్టుపక్కల కరువా? తమ్ముడున్నాడు, వాడి పొలం గట్టు నేను దున్నుకున్నా. మా మరదలుంది. పిలిస్తే వరసకట్టి వస్తారు. ఇన్నాళ్ళూ తెలియక వాళ్ళందర్నీ దూరం పెట్టా."

అతను వెళ్ళాక వకుళ ఎడ్ల మెడలోంచి మాల విప్పింది. తన రెండేళ్ళ మంట అతని కాడికి కట్టిన మూడో ఎద్దు అయిపోయింది.

"నాడీ, ఏం చేస్తే ఆ ఎడ్లు ఓడిపోతాయి?"

"ఆయన మీద మీకు కోపం లేకుండా శ్రుతి చేస్తే."

"అంటే క్షమించాలా?"

"మీరు పెట్టే పేరు నాకు తెలియదు. గీత చదునుగా ఉండాలి."

ఆఖరి పోటీ నాటికి ఆమె కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయి వచ్చింది. మాల కట్టుకుని కళ్ళు మూసుకుంది. మాల్యాద్రి కూడా ఒక తల్లి కన్న బిడ్డేనని అనుకుంది. ఆ ఎద్దు చచ్చిన రాత్రి అతనికీ నిద్ర పట్టి ఉండదని అనుకుంది. అన్నయ్య ఎప్పుడో మర్చిపోయాడు, నేనూ మర్చిపోతున్నాను అనుకుంది. ఊపిరి నెమ్మదించింది. తెర మీద గీత కొద్దికొద్దిగా వాలుతూ వచ్చింది. ఇంకొంచెం. ఇంకొంచెం వాలితే, బరి మధ్యలో ఎడ్లు నిలబడిపోతాయి. జనం ఈలలు వేస్తారు. వాడు మెడలోని పులిగోరు పట్టుకుని దిక్కులు చూస్తాడు. అప్పుడు వాడి ముఖం...

"శ్రుతి కుదిరింది," అంది నాడి. "కిందటిసారి కంటే బలంగా ఉంది."