ముందే చూసిన కొంగ

ప్లోవ్‌దివ్‌లో మార్చి ఒకటిన చేతికి కట్టుకున్న ఎర్ర తెల్ల దారాన్ని తొలి కొంగ కనపడగానే విప్పి, పూసిన చెట్టుకు కట్టి, ఒక కోరిక కోరుకుంటారు. ఏప్రిల్ ఆఖరుకొచ్చినా దారం విప్పని ఏకైక ఘనుడు కామెన్. పైగా ఊరంతా తిరిగే సిటీ బస్సు డ్రైవరు!

"మీకింకా కొంగ కనపడలేదా, కామెన్ గారూ?" అడిగింది ఇంగ్లీషు టీచర్ జ్లాతినా. కామెన్‌తో సహా తన క్లాసులో అందరికీ ఆ దారాలు కట్టింది ఆమే.

"లేదండీ మేడమ్. నా కళ్లు రోడ్డు మీదే ఉంటాయి."

"అబ్బో, బుద్ధిమంతుడు!" వెనక బెంచీలో స్తోయంకా బామ్మ దీర్ఘం తీసింది. "నిన్న నా స్టాపులో ఆపకుండా పోయావే, అప్పుడెటు చూస్తున్నావురా?"

క్లాసంతా గొల్లుమంది. కామెన్‌కు నవ్వు రాలేదు. ఈ రోజుతో కోర్సు ఆఖరు. సోమవారం జ్లాతినా బుర్గాస్‌లో కొత్త ఉద్యోగానికి వెళ్లిపోతోంది. ఆమెంటే ఇష్టమని చెప్పడానికి ఏడు నెలలుగా సొంత భాషలోనే నోరు పెగల్లేదు మహానుభావుడికి.

జ్లాతినా బోర్డు మీద 'హ్యాడ్ సీన్' అని రాసింది. "జరిగిపోయిన రెండు సంగతుల్లో ముందు జరిగినదానికి ఇది వాడతాం. కామెన్ గారూ, ఒక వాక్యం చెప్పండి. నిజమైనదే చెప్పాలి సుమా."

కామెన్ లేచి నిలబడ్డాడు. తడబడుతూ ఇంగ్లీషులో చెప్పేశాడు. "ఇందాక మీరు అడిగేటప్పటికే నేను కొంగను చూసేసి ఉన్నాను."

"ఎప్పుడు?"

"మార్చి పన్నెండున. ఆరు కొంగలు."

"మరి దారం విప్పలేదేం?"

"మీరు కట్టారు కదండీ." ఇంగ్లీషు ఎగిరిపోయింది. "విప్పబుద్ధి కాలేదు."

జ్లాతినా చెవులు ఎర్రబడ్డాయి. గిరుక్కున తిరిగి బోర్డు మీద రాసింది. 'జ్లాతినా రైలెక్కేటప్పటికే కామెన్...'

"పూర్తి చెయ్యండి."

'తన మనసులో మాట చెప్పేసి ఉన్నాడు' అని బోర్డు దగ్గరికొచ్చి రాశాడు కామెన్.

ఆమె తాపీగా చదివింది. "తప్పుల్లేవు. కానీ నిజమైనదే రాయాలన్నానుగా? ఇంకా చెప్పనేలేదే!"

"చెప్పి చావరా!" బామ్మ బెంచీ మీద చరిచింది. "ఈ స్టాపు కూడా దాటేస్తావా ఏం?"

"మీరంటే నాకిష్టం, జ్లాతినా. చాలా ఇష్టం."

జ్లాతినా చాక్‌పీసు కింద పెట్టి, చేతులు దులుపుకుంది.

"పెరట్లో ఆపిల్ చెట్టు పూసింది. రండి, కట్టింది నేనే కాబట్టి నేనే విప్పుతాను."

చెట్టు కింద ఆమె వేళ్లు ముడి మీద పడేసరికి కామెన్‌కు లోకం గుర్తులేదు.

"కోరిక కోరుకోండి" అంది జ్లాతినా.

"ఇంకేం కోరుకోనండీ?"

"బుర్గాస్‌లో బస్సు డ్రైవరు ఉద్యోగం!"