నాలుగు, అయిదు, ఆరు నంబరు క్యూబులు

ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. అయినా ఆవిడ రెండు గొడుగులు పట్టుకుని వచ్చింది. మూలకి ఆనిస్తే ఎవరి కాలికి తగిలి ఎవరు పడిపోతారోనని రెండూ ఒళ్ళోనే పెట్టుకుని కుర్చీ అంచున కూర్చుంది.

ఆ ఆఫీసు ప్రైవేటు డిటెక్టివ్‌ది. వీధిలో అందరూ ఆయన్ని నిదానం గారనే పిలుస్తారు. మెట్లెక్కినా, టీ తాగినా, దొంగని పట్టుకున్నా ఆయనది ఒకటే వేగం. పక్క బల్ల దగ్గర నోటుపుస్తకం తెరిచి కూర్చున్న సహాయకురాలు రైటరమ్మ. ఏడేళ్ళుగా పనిచేస్తున్నా, ఆయన ఏదైనా వస్తువుని చేతిలోకి తీసుకుని తిప్పి చూడడం మొదలుపెడితే ఆమె ఇప్పటికీ రాయడం ఆపేసి చూస్తుంది.

"మా అమ్మాయిని జైల్లో పెడతారా అండీ?" అందావిడ.

"ముందు ఏం జరిగిందో చెప్పండమ్మా. జైలు సంగతి తర్వాత చూద్దాం."

"తర్వాత అంటే ఉందన్నమాటేగా!"

రైటరమ్మ మంచినీళ్ళు ఇచ్చింది. గ్లాసునీ గొడుగుల పక్కన ఒళ్ళోనే పెట్టుకుని ఆవిడ చెప్పుకొచ్చింది. కూతురు పిల్లల ఆసుపత్రి కట్టే చోట కాంక్రీటు పరీక్షలు చేస్తుంది. రెండో అంతస్తు శ్లాబు వేసి నెల దాటింది. ఆ రోజు పోసిన కాంక్రీటుతో చేసిన క్యూబుల్ని మూడు రోజుల క్రితం మిషనులో పెట్టి నొక్కితే, మిషను లెక్కలో ముప్ఫై దాకా ఓర్చుకోవలసినవి ఇరవై రెండుకీ ఇరవై మూడుకీ పగిలిపోయాయి.

"రేపు పొద్దున్నే శ్లాబు పగలగొట్టేస్తారట. తప్పంతా మా అమ్మాయిదేనని కాగితం రాశారట. అది పైకి వెళ్ళిందంటే ఇక ఈ పనిలో దాన్ని ఎవరూ గుమ్మం తొక్కనివ్వరు. మూడు రోజులుగా దానికి ముద్ద దిగడం లేదండీ."

"మీ అమ్మాయి పొరపాటు చేసి ఉంటుందా?"

ఆవిడ ఒళ్ళో గొడుగులు సర్దుకుంది. "నాకు అన్నిటికీ భయమేనండీ. గ్యాసు కట్టానో లేదోనని నాలుగుసార్లు వెనక్కొచ్చి చూసుకుంటాను. అది పది నిమిషాలు ఆలస్యమైతే ఆసుపత్రులన్నీ కళ్ళముందు తిరుగుతాయి. కానీ దాని పని గురించి మాత్రం నేను ఒక్కరోజు కూడా భయపడలేదు."

నిదానం గారు టీ సగంలో వదిలేసి లేచారు. ఏడేళ్ళలో అలా జరగడం రెండోసారని రైటరమ్మ పుస్తకంలో రాసుకుంది.

కట్టడం దగ్గర ఒక రేకుల షెడ్డే పరీక్షల గది. బయట నీళ్ళ ట్యాంకు, లోపల రెండు ఇనప పలకల మధ్య క్యూబుని నొక్కే పాత మిషను. ఆవిడని వెంటబెట్టుకుని వీళ్ళు వెళ్ళేసరికి కాంక్రీటు లారీ ఒకటి వచ్చి ఆగింది. కాగితం ఇంకా పైకి వెళ్ళలేదు కాబట్టి అమ్మాయి ఇంకా పనిలోనే ఉంది. ఏడ్చిన కళ్ళు, తొణకని చేతులు.

"ఏం చేస్తావో చేసి చూపించమ్మా. నేను తొందరపెట్టను," అన్నారు నిదానం గారు.

"ఆయన తొందరపెడితే చూడాలని నాకూ ఉంది," అని రైటరమ్మ గొణిగింది.

అమ్మాయి అడుగూ మూతా లేని ఇనప కోనుని పలక మీద పెట్టి, రెండు పాదాలతో తొక్కిపట్టి, కాంక్రీటుని పొరలు పొరలుగా నింపింది. పొర పొరకీ కడ్డీతో ఇరవై అయిదు పోట్లు. పెదాలు కదులుతూనే ఉన్నాయి, లెక్క తప్పలేదు. తర్వాత కోనుని నిటారుగా, పసిపిల్ల మీంచి దుప్పటి తీసినంత జాగ్రత్తగా పైకి లేపింది. కాంక్రీటు ముద్ద భుజాలు దించి కూర్చుంది. పక్కన కోను నిలబెట్టి, ముద్ద ఎంత దిగిందో కొలిచింది.

"పది సెంటీమీటర్లు. సరిపోయింది. పిండిలో నీళ్ళు ఎక్కువైతే జారిపోయినట్టు ఇదీ జారిపోతుందండీ. అలా జారితే లారీని వెనక్కి పంపేస్తాను. శ్లాబు రోజు ఒక లారీని పంపేశాను కూడా."

ఆ తర్వాత ఇనప అచ్చుల్లో క్యూబులు చేసింది. పొరకి ముప్ఫై అయిదు పోట్లు. చివర పైభాగాన్ని తాపీతో సరిచేసి, పచ్చిగా ఉండగానే మేకుతో నంబరు గీసింది.

"నంబరు అక్కడే ఎందుకు?" అడిగారు నిదానం గారు.

"చేతికి అందేది ఈ ముఖం ఒక్కటే కదండీ. మిగతా అయిదూ ఇనుముకి ఆని ఉంటాయి, అద్దంలా నున్నగా వస్తాయి. ఇది మాత్రం ఎంత సరిచేసినా గరుకే."

"రోజుకి ఎన్ని?"

"ఆరు. మూడు ఏడోరోజుకి, మూడు ఇరవై ఎనిమిదో రోజుకి." మేకు తుడుచుకుంది. "శ్లాబు రోజు మాత్రం తొమ్మిది చేశాను. ఏమైనా అయితేనో అని."

"ఏమైనా అయితేనో అనేది నా మాట," అంది వెనక నుంచి తల్లి, అదీ ఒక నేరమేమోనన్న గొంతుతో.

అప్పుడే వచ్చిన ఇంజనీరు ఆ మాట విన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. మూడు రోజులుగా నిద్రలేనివాడు. "ఆ మూడూ ట్యాంకు అడుగున ఉన్నాయండీ. లెక్కలో లేని క్యూబులు. వాటిని నేనెలా నమ్మను? పైన పడుకోబోయేది పిల్లలు."

"ఏడోరోజు ఎంత వచ్చింది?"

"ఇరవై రెండు. అప్పుడు బాగుంది. ఇరవై ఎనిమిదో రోజుకి ముప్ఫై దాటాలి. కానీ అక్కడే ఆగిపోయింది. తడపలేదు, అంతే. ట్యాంకులోనూ నీళ్ళు చూసుకుని ఉండదు, శ్లాబుకీ నీళ్ళు పోయించి ఉండదు. తడిపించే బాధ్యత తనదే."

"రోజూ తడిపించాను సార్," అంది అమ్మాయి. ఆ మాట మూడు రోజుల్లో ఎన్నిసార్లు చెప్పిందో, ఇప్పుడు దానిలో పస లేదు.

షెడ్డు వెనక పగిలిన క్యూబుల కుప్ప ఉంది. నిదానం గారు ప్యాంటు మడిచి, కుప్ప ముందు గొంతుక్కూర్చుని గంటసేపు ఒక్కో ముక్కా ఏరారు. ఏడోరోజువి నడుము సన్నబడి డమరుకాల్లా మిగిలాయి. నాలుగు పక్కలూ పెచ్చులుగా ఊడిపోయాయి. ఆ పెచ్చుల్లో ఒకదాని మీద 2 అంకె సగం దొరికింది. నాలుగు, అయిదు, ఆరు నంబరువి వేరు. ఒక మూల నుంచి ఏటవాలుగా చీలిపోయినా, అంకె ఉన్న ముఖం మాత్రం పైన అలాగే నిలిచి ఉంది.

"చూశారా రైటరమ్మా?"

"చూశానండీ. అంకెలు చక్కగా కనిపిస్తున్నాయి."

"అవును. చక్కగా కనిపిస్తున్నాయి," అన్నారాయన. ఆ మాటలో ఏదో ఉందని రైటరమ్మకి తెలిసింది. ఏముందో తెలియలేదు.

మిషను నడిపే పెద్దాయనని అందరూ బాబాయి అంటారు. ముప్ఫై ఏళ్ళుగా అదే పని. అమ్మాయికి పని నేర్పిందీ ఆయనే. వెలుతురు పడకుండా కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"దుమ్ము పడింది," అన్నాడు అడగకముందే.

"ఆ క్యూబులు ఎవరు నొక్కారు బాబాయిగారూ?"

"నేనే. ఈ మిషను మీద ఇంకెవరు చేయి వేస్తారు?"

"కాగితంలో పొద్దున్న పదింటికని ఉంది. అప్పుడు ఇక్కడే ఉన్నారా?"

"ఎక్కడికి పోతాను?"

తలుపు దగ్గర తాళాల గుత్తి గలగలలాడింది. స్టోరు గుమాస్తా, నవ్వుమొహం మనిషి, లోపలికి తల పెట్టాడు. "బాబాయిగారు ఇక్కడే ఉన్నారండీ. నేను చూశాగా!"

నిదానం గారు అతన్ని ఏమీ అడగలేదు. థాంక్స్ మాత్రం చెప్పారు.

మధ్యాహ్నం మూడింటికి అందరినీ షెడ్డులోకి రమ్మన్నారు. బల్ల మీద వేరే లారీకి చెందిన క్యూబు ఒకటి, నలభయ్యో నంబరుది, ఉంది.

"ఒక్కొక్కరూ దీన్ని మిషనులో పెట్టండి. నొక్కొద్దు. పెట్టండి చాలు. అమ్మా, మీరు?"

"వద్దు బాబూ! నా చేతిలోంచి జారిందంటే ఎవరి కాలో విరుగుతుంది."

రైటరమ్మ పెట్టింది. అంకె తనకి కనపడేలా, పైకి. అమ్మాయి పెట్టింది, అంకె పక్కకి తిప్పి. ఇంజనీరూ పక్కకే. గుమాస్తా క్యూబుని చేత్తో తుడిచి, అంకె పైకి వచ్చేలా దించి, ఒక అడుగు వెనక్కి వేసి చూసుకున్నాడు.

చివరికి బాబాయి వచ్చాడు. క్యూబు వంక చూడనైనా లేదు. చేతిలోకి తీసుకుని, నాలుగు వేళ్ళూ ముఖాల మీద ఒకసారి నడిపించాడు. గరుకు తగిలిన చోట వేళ్ళు ఆగాయి. ఆ ముఖాన్ని పక్కకి తిప్పి, సరిగ్గా పలక నడిమధ్యన దించాడు. అంతా రెండు క్షణాలు. రైటరమ్మకి చప్పట్లు కొట్టాలనిపించింది.

"ఇదీ పనితనమంటే," అన్నారు నిదానం గారు. "కళ్ళతో పని లేదు. అందుకే బాబాయిగారూ, ఆ రోజు క్యూబులు నొక్కింది మీరు కాదు."

నిదానం గారు నాలుగో నంబరు క్యూబు ముక్కని బల్ల మీద పెట్టారు.

"నున్నటి ముఖం పలకకి ఆనితే బరువు అంతటా సమంగా పడుతుంది. గరుకు ముఖం ఆనితే ఎత్తుగా ఉన్న రెండు మూడు చోట్లే మోయాలి. మంచి కాంక్రీటు కూడా ముందే పగిలిపోతుంది. పక్కనున్న ముఖం పెచ్చులుగా ఊడుతుంది, పలక కిందున్న ముఖం నిలుస్తుంది. ఏడోరోజు క్యూబుల మీది అంకెలు పెచ్చులైపోయాయి, సరైన పద్ధతే. నాలుగు, అయిదు, ఆరు మాత్రం అంకెలు చెక్కు చెదరకుండా నిలిచాయి. అంటే అంకె పైకి పెట్టి నొక్కారు. పని నేర్చినవాళ్ళెవరూ అలా పెట్టరు. నేర్వనివాళ్ళు అలాగే పెడతారు, మా రైటరమ్మ పెట్టినట్టు. ఈ షెడ్డు తాళం బాబాయి దగ్గర కాక ఇంకెవరి దగ్గర ఉంది? ఎవరూ అడక్కుండానే బాబాయి ఇక్కడే ఉన్నాడని సాక్ష్యం చెప్పిందెవరు?"

గుమాస్తా చేతిలో తాళాలు మోగడం మానేశాయి. "నంబరు కనపడాలనుకున్నానండీ... మీట నొక్కడమే కదా అనుకున్నాను. నా వల్ల అని నిజంగా నాకు తెలీదు."

"నీకు తెలీదురా. నాకు తెలుసు," అన్నాడు బాబాయి. గొంతు నేలమీద పడ్డట్టుంది. "ఆ పొద్దున కళ్ళ డాక్టరు దగ్గరికి పోయాను. కళ్ళకి పొర కమ్మింది. తెలిస్తే పని పోతుందని వీణ్ని నొక్కమన్నాను. వీడు చెప్పిన లెక్క నేను రాశాను. ఆ సాయంత్రమే ఆ ముక్కల మీద చేయి వేస్తే అర్థమైంది. నోరు విప్పితే నా పని పోతుంది. విప్పకపోతే..." అమ్మాయి వైపు తిరిగాడు గానీ తల ఎత్తలేదు. "మూడు రోజులు విప్పలేదమ్మా."

తల్లి గొడుగులు గట్టిగా పట్టుకుంది.

"పరీక్ష తప్పంటే సరిపోదు," అన్నాడు ఇంజనీరు మెల్లిగా. "కాంక్రీటు మంచిదని తెలియాలి."

"తెలుసుకోవడానికేగా ట్యాంకులో మూడు ఉన్నాయి," అన్నారు నిదానం గారు. "నాలుగు, అయిదు, ఆరుతో పాటే ఆ నీళ్ళలోనే ఉన్నాయి. మూడు రోజుల వయసు ఎక్కువ, ఆ తేడా కొంచెమే."

ఏడు, ఎనిమిది, తొమ్మిది నంబర్లు నీళ్ళు కారుతూ వచ్చాయి. ఇంజనీరు స్వయంగా తీశాడు. బాబాయి వేళ్ళతో తడిమి పక్కకి తిప్పించాడు. డయల్ మీద ముప్ఫైకి సరిపోయే చోట ఎర్రరంగు గీత ఉంది. ముల్లు చూసే పని రైటరమ్మది. అమ్మాయి గోడకి ఆనుకుంది. తల్లి కళ్ళు మూసుకుంది.

ముల్లు కదిలింది. ఇరవై రెండు దగ్గర తల్లి, "పగిలిందా?" అంది. పగల్లేదు. ఇరవై ఆరు. ఎర్రగీత. గీత దాటింది. మిషను మూలుగుతూనే ఉంది, క్యూబు మాత్రం కిమ్మనలేదు. ముప్ఫై నాలుగు దగ్గర ఢప్పున పగిలింది. నాలుగు పక్కలూ పెచ్చులూడి, నడుము సన్నగా నిలిచింది.

మిగిలిన రెండూ ముప్ఫై మూడుకి తగ్గలేదు.

ఇంజనీరు జేబులోంచి కాగితం తీసి నాలుగు ముక్కలు చేశాడు. తర్వాత ఫోను చేసి, రేపు పగలగొట్టేవాళ్ళు రానక్కర్లేదని చెప్పాడు. ఆ తర్వాత అమ్మాయి ఎదుటికొచ్చి, "క్షమించమ్మా. ఇకనుంచి లెక్క తొమ్మిదే రాస్తాను," అన్నాడు. బాబాయి సంగతి ఏం చేయాలో తనకే తెలియదన్నట్టు ఆయన వంక చూసి, "ముందు కళ్ళు బాగుచేయించుకోండి. వచ్చాక మాట్లాడదాం," అన్నాడు.

బయట ఎండ కళ్ళలో పొడుస్తోంది. బాబాయి గుమ్మంలోనే ఆగిపోయాడు. వెలుతురు పడక చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"అమ్మా, రెండో గొడుగు ఇటివ్వు," అంది అమ్మాయి.

తల్లికి ఇవ్వాలని లేదు. మూడు రోజులు తన పిల్ల ఏడ్చిన ఏడుపు ఇంకా చెవుల్లోనే ఉంది. కానీ ఈ మనిషి ఇలాగే రోడ్డు దాటబోతే ఏ లారీ కిందో పడితే?

ఇచ్చేసింది. "జాగ్రత్తగా తీసుకెళ్ళు. మెట్టు ఉందని చెప్పు," అంది.

అమ్మాయి గొడుగు విప్పి పట్టింది. "పదండి బాబాయ్. ఇక్కడ మెట్టుంది," అంది. ముప్ఫై ఏళ్ళ పనితనమున్న ఆ వేళ్ళు ఆమె భుజాన్ని వెతుక్కుని ఆనుకున్నాయి.

రైటరమ్మ పుస్తకం మూసింది. నిదానం గారు చేతిలో అంకె ఉన్న ఒక పెచ్చుని ఇంకా తిప్పి చూస్తూనే ఉన్నారు.