బేకరీ వెనక మెట్ల మీద ఫోను

పిల్లలూ, ఈ కథ మీకు చెప్పాల్సినవాళ్లంతా దూరంగా ఉండిపోయారు. అందుకే విన్నది విన్నట్టు నేనే చెబుతున్నాను.

ఒక బేకరీ వెనక ఇనుప మెట్లుండేవి. చీకటి పడ్డాక వాటి జోలికి వెళ్లాలంటే అందరికీ జంకే. రొట్టెలు చేసే ముసలి మేస్త్రి ఒకాయన పిండి బస్తాతో అక్కడే జారిపడి చనిపోయాడట. అప్పటినుంచీ ఆ మెట్ల మీద ఫోన్ చేస్తే అవతలి గొంతు నూతిలోంచి వచ్చినట్టుండేది... మధ్యమధ్యన ఎవరో ఊపిరి తీస్తున్నట్టు బుస్... బుస్... కానీ లోపల పొయ్యిల దగ్గర సిగ్నల్ ఉండదు. ఎవరికైనా ఆ మెట్లే గతి.

ఆ రాత్రి పిండి కలిపే ఆవిడకు పని మధ్యలో ఒక్కసారిగా గుర్తొచ్చింది. జ్వరంతో ఉన్న చిన్నవాడి మంచం పక్కన తను పెట్టి వచ్చింది పిల్లల మందు కాదు — పెద్దవాళ్లది. "పదింటికి ఒక చెంచా వెయ్యి" అని తొమ్మిదేళ్ల కూతురికి అప్పజెప్పి మరీ వచ్చింది. ఇంట్లో ఆ ఇద్దరే.

పదికి ఏడు నిమిషాలుంది. ఇల్లు అరగంట నడక.

మెట్ల మీదికి పరిగెత్తింది. "బుజ్జీ... ఆ సీసా వద్దు. వినిపిస్తోందా?"

"...లో... ఎవరు..." అంతే. బుస్... బుస్...

వాల్యూమ్ చివరిదాకా పెంచింది. స్పీకర్ పెట్టింది. కవరు ఊడబెరికింది. ఆపి మళ్లీ ఆన్ చేసింది. ఒక్కో పనికీ ఒక్కో నిమిషం కరిగిపోతోంది. రొట్టెలు కాల్చే అతను తన ఫోనిచ్చాడు — దాన్లోనూ అదే ఊపిరి.

"మేస్త్రి తాత లైన్లో ఉన్నట్టున్నాడు వదినా," అని నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు.

మళ్లీ తన ఫోనే చెవికి ఆనించుకుంది. ఏం అంటోందో తనకే తెలియదు. "తాతా... నీ కాళ్లు పట్టుకుంటా. వాడికి ఆ మందు వెయ్యనివ్వకు..."

లైను తెగింది. పది దాటింది.

ఒంటి మీది పిండి ఒంటి మీదే — ఇంటిదాకా పరుగు.

పిల్లలిద్దరూ నిద్రపోతున్నారు. సీసా మూత కూడా తియ్యలేదు.

"వెయ్యొద్దని ఫోన్లో విన్నాగా," అని గొణిగి కూతురు అటు తిరిగి పడుకుంది.

మర్నాడు ఆమె చెప్పిందంతా విని రిపేరు షాపతను ఫోను అడుగునున్న చిల్లుల్ని మెత్తటి బ్రష్‌తో తుడిచాడు. తెల్లగా రాలింది.

"పిండి, అక్కా. ఆవిరి తగిలి గట్టిపడింది. చెవికి పెట్టుకునే చోటా అంతే. మీ బేకరీ ఫోన్లన్నీ ఇలాగే ఉండుంటాయి. మెట్లేం చేశాయి పాపం?"

ఆమె ఊపిరి పీల్చుకుంది. "పోనీలే, నా మాట పిల్లకి అందింది. అదే పదివేలు."

"అందడమా?" అతను మైకు చిల్లు చూపించాడు. "ఇది పూర్తిగా మూసుకుపోయింది. నిన్న మీ మాట ఒక్కటీ అవతలికి వెళ్లి ఉండదు."

ఇంటికొచ్చి కూతుర్ని నెమ్మదిగా అడిగింది. "నిన్న ఫోన్లో నేనేమన్నాను?"

"నువ్వెక్కడ మాట్లాడావు? ఎవరో తాతేగా మాట్లాడింది. దగ్గుతూ... 'అమ్మ వస్తోంది, ఆ సీసా ముట్టుకోకు తల్లీ' అన్నాడు."

పిల్లలూ, రేపు మీ పిల్లలకు కూడా ఇది చెప్పండి. చెప్పేటప్పుడు... మందు సీసా మీద పేరు వెలుతురులో రెండుసార్లు చదవమని కూడా చెప్పండి.